సీమంతపు వేళ మధుమేహము

కూతురు నీళ్లోసుకొన్నదని తెలిసిన పిదప పుట్టింటివారు చలిమిడి చేసికొని వెళ్లుట తెలుగునాట ఆచారము. ఏడవ నెలలో సీమంతము, పిండివంటలు. గర్భిణి దేహమునకు తీపిని సంబాళించుకొనుట కష్టమగు కాలము కూడ ఇంచుమించు అదియే.

కారణము మాయలో ఉన్నది. శిశువునకు ఆహారమందించు ఆ అవయవమునుండి పుట్టు హార్మోనులు తల్లి రక్తములోని చక్కెర బిడ్డకు దక్కుటకై ఇన్సులిన్ పనికి కొంత అడ్డుపడును. తల్లి క్లోమము ఇన్సులిన్‌ను మరింతగా స్రవించి సరిదిద్దుకొనవలెను. ఆ శక్తి చాలనప్పుడు కలుగునదే గర్భకాల మధుమేహము.

ఎవరికి చాలదు? తలిదండ్రులలో ఒకరికైనను మధుమేహమున్నవారికి, వయస్సు ముదిరి గర్భము దాల్చినవారికి, అంతకు మునుపే స్థూలకాయము గలవారికి ఈ ముప్పు హెచ్చు. తొలిచూలున ఈ వ్యాధి సోకినవారికి మలిచూలున భయము మరింత అధికము. నాలుగు కిలోలకు మించిన శిశువును కన్న తల్లియు జాగ్రత్తపడవలెను. బొద్దుగా పుట్టెనని దిష్టి తీసి మురిసిన ఆ బిడ్డయే తల్లి చక్కెరకు సాక్షి కావచ్చును గదా! భారతీయ స్త్రీలకు ఐరోపా స్త్రీలకన్న ఈ ప్రమాదమెక్కువ; లండనులో కాపురమున్నను తప్పదు.

ఇంట అత్తగారు మాత్రము "తీపి తిని తెచ్చుకొన్నది" అని తేల్చివేయును. వయస్సును, వంశమును, మాయను ఏ కోడలు తెచ్చుకొన్నది? "ఇద్దరి తిండి తినవలె"నని కొసరి కొసరి వడ్డించినది ఎవరు?

పై లక్షణములలో ఒక్కటియు లేని ఇల్లాలికిని ఈ వ్యాధి రావచ్చును. అందుచేతనే మన దేశమున గర్భిణులందరికి పరీక్ష చేయవలెనని నియమము. మదరాసు వైద్యుడు వి. శేషయ్య ప్రచారము చేసిన పద్ధతి సులువైనది. పరగడుపున రానక్కరలేదు, 75 గ్రాముల గ్లూకోజు నీట కలిపి త్రాగించి, 2 గంటల పిదప రక్తము చూతురు. డెసిలీటరునకు 140 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని ఉన్నచో వ్యాధి ఉన్నట్లే. తొలి పరీక్షలో ఏమియు లేకున్నను 24, 28 వారముల నడుమ మరల చేయవలెను. పెక్కుమందికి మితాహారము, నడక చాలును. కొందరికి మందులు గాని, ఇన్సులిన్ గాని కావలెను.

1964లో బోస్టనున జాన్ ఓసల్లివన్ ఈ వ్యాధికి కొలతలు నిర్ణయించినప్పుడు, ఆ గర్భిణులలో ముందుముందు ఎవరు మధుమేహమున పడుదురన్నదే ఆయన విచారము. కాన్పుతో చక్కెర సాధారణముగా దిగిపోవును. ముప్పు మాత్రము తల్లిని విడువదు. కనుకనే ఆరు వారములకు మరల పరీక్షకు రమ్మందురు. అప్పటికి బారసాల ముగిసి, బాలింత పుట్టింట ఉండును. ఆసుపత్రి చీటి అత్తవారింట ఉండును.