అమెరికా బీరు - మన తాటికల్లు

బందరునుండి గిలకలదిండి రేవునకును, అచ్చటినుండి సముద్రపుటొడ్డు వెంబడి మంగినపూడి వైపునకును సాగిన ఇసుకనేలలు వరికి అనుకూలములు కావు. తాటిచెట్టుకు మాత్రము అవి పుట్టినిల్లు. ఒకరు నాటకయే, ఒకరు నీరు పోయకయే అది పెరుగును. ఉప్పుగాలికిని తుపానుకును ఓర్చుకొని నిలుచును.

ఈ ప్రాంతమునుండి చదువులకును ఉద్యోగములకును అమెరికాకు పోయిన యువకులు అనేకులు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వారిలో కొందరు అచ్చటి వింతలు చెప్పుచు 'క్రాఫ్ట్ బీరు' మాట ఎత్తుచుందురు. కొద్దికొద్దిగా, చేతిపనివలె శ్రద్ధతో కాచిన బీరని దాని భావము. ఊరికొక చిన్న కార్ఖానా, ఒక్కొక్కదానికి ఒక్కొక్క రుచి, ఆ రుచిని వెదకికొనుచు వందల మైళ్లు కారులో పోవు రసికులు! ఈ మాటలు విన్నప్పుడు నాకు తోచిన దొకటి. అమెరికావారు ఇంత శ్రమపడి తిరిగి సంపాదించుకొన్న పనితనమునకు మిక్కిలి దగ్గరి చుట్టము మన పొలముగట్లమీద తరతరములుగా ఉన్నది. అది మన కన్నులయెదుటనే తరగిపోవుచున్నది. త్రాగుడును పొగడుటకై నేను పూనుకొనలేదు. కల్లుపాకవలన గుల్లయైన సంసారములు మన ఊళ్లలో లేవనుట అబద్ధము. ఇచ్చట చెప్పదలచినది పనివాని నేర్పును గురించి మాత్రమే.

ముందుగా బీరు సంగతి. యవలను నానవేసి మొలకెత్తింతురు. మొలక వచ్చునప్పుడు గింజలోని పిండిని చక్కెరగా మార్చగల ఎంజైములు అందు పుట్టును. మొలక మరి ఎదుగకుండ వేడిగాలిలో ఆరబెట్టి, నూకగా ఆడి, వేడినీటిలో కొంతసేపు ఉంచినచో ఆ నీరు తియ్యబడును. దానిని వడగట్టి, హాప్స్ అను తీగయొక్క పూగుత్తులను చేదుకొరకును వాసనకొరకును వేసి కాచి, చల్లార్చి, ఈస్టు కలుపుదురు. ఈస్టు అనగా కంటికి కానరాని ఒక సూక్ష్మజీవి. అది చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుచును. నురుగు ఈ వాయువుయొక్క లీలయే. ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చరు 1876లో బీరునుగూర్చియే ఒక గ్రంథము ప్రకటించి, పులియుట ఈ సూక్ష్మజీవుల పనియని విశదపరచెను.

అమెరికాలో 1920 మొదలు 1933 వరకు మద్యనిషేధ ముండెను. నిషేధము తొలగిన పిమ్మట చిన్న కార్ఖానాలు పెక్కు మరల తలయెత్తలేదు. తలయెత్తినవానిలోను అనేకములను పెద్దవి మ్రింగివైచెను. 1978 నాటికి అంత పెద్ద దేశమున తొంబది లోపుగా మిగిలినవి. సీసాపై చీటి మారినను లోని రుచి ఒక్కటే. అట్టి రోజులలో, 1965లో, ఫ్రిట్జ్ మేటాగ్ అను యువకుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో మూతపడనున్న యాంకర్ కార్ఖానాను కొని నిలబెట్టెను. 1976లో జాక్ మెకాలిఫ్ సోనోమాలో పాత పాత్రలు పోగుచేసికొని న్యూ ఆల్బియన్ అను బీరు కాచెను. అది కొన్ని యేండ్లకే మూతబడినను, దానిని చూచి నేర్చినవారు మిగిలిరి. ఇంటిలో బీరు కాచుకొనుట అంతవరకును నేరమే. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన శాసనము ఆ సంకెల విప్పెను. వంటయింటిలో చేయి తిప్పుకొన్నవారే తరువాత కార్ఖానాదారులైరి. నేడు ఆ దేశమున 9,000కు పైగా బీరు కార్ఖానాలున్నవి. వానిలో మిక్కిలి పెక్కులు చిన్నవే. అందరికిని త్రోవచూపిన యాంకర్ మాత్రము 2023లో పని నిలిపివేసెను.

ఈ రసికులు మరియొక మెట్టు ఎక్కిరి. కొని తెచ్చిన ఈస్టు ఎందుకు, ఊరిగాలిలో ఉన్నదే చాలదా అనిరి. బెల్జియములో బ్రస్సెల్సు చెంత లాంబిక్ అను పురాతనమైన బీరు కలదు. కాచిన తీపినీటిని లోతులేని వెడల్పుపాత్రలో పోసి, చలికాలపు రాత్రి మూతలేక విడిచెదరు. గాలిలోని సూక్ష్మజీవులే దానిని పులియబెట్టును. అమెరికాలో మేన్ రాష్ట్రపు పోర్ట్‌లాండులో అలగాష్ అను కార్ఖానావారు 2007లో అట్టి పాత్రను కట్టించుకొనిరి. ఊరిగాలి తెచ్చిన రుచియని చెప్పి అట్టి బీరును సగర్వముగ అమ్ముదురు.

ఇప్పుడు మన తాటిచెట్టును చూడుడు. యవలు నానవేయుట, మొలకెత్తించుట, ఆడుట, కాచుట అను పనులేవియు ఇచ్చట లేవు. ఆకులు ఎండలో చక్కెరను తయారుచేసి, పూలను కాయలను పోషించుటకై గెలకు పంపును. గీతగాడు దానిని దారిలో పట్టుకొనును. తాటిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు, రెండింటిని గీయుదురు. విచ్చుకొననున్న గెలను నారతో కట్టి, కొన్నిదినములు మెల్లగా నొక్కి మెత్తబరచి, పిమ్మట కొనను పలుచగా చెక్కుదురు. ఈ చెక్కుటయందే నేర్పంతయు ఉన్నది. గీత లోతైనచో గెల త్వరగా అయిపోవును. పైపైన పోయినచో రంధ్రములు మూసుకొని చుక్క రాలదు. కాగితమంత పొర తీయవలెను, అదియు ప్రతిదినము, ప్రొద్దున సాయంకాలము చెట్టెక్కి తీయవలెను. నడుమునకు మోకు, కాళ్లకు బంధము, మొలనున్న కత్తి తప్ప ఆ యెత్తున అతనికి వేరు ఆధారము లేదు.

గెలనుండి రాలునప్పుడు ఆ నీరు స్వచ్ఛమైన తీపినీరు. నూటికి పది పండ్రెండు పాళ్లు చక్కెర అందుండును. కుండలోపల సున్నము పూసినచో అది పులియదు. దానినే నీరా అందురు, కాచినచో తాటిబెల్లమగును. సున్నము లేనిచో, గాలిలోనివి, గెలమీదివి, నిన్నటి కుండలో అంటుకొని మిగిలినవియగు ఈస్టులును బాక్టీరియాలును తోడుపడి గంటలలోనే పని ముగించును. తెల్లవారి దించిన కుండ నురుగు కక్కుచుండుట అందువలననే. కొన్ని గంటలకు ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లగును. సామాన్యపు బీరులోను ఇంచుమించుగ అంతే. అటుతరువాత పులుపు ముదిరి, చివరకు వినెగరగును. అమెరికాలో పనిపట్టి, పాత్ర కట్టించి సాధించినది తాటిమట్టల నడుమ వ్రేలాడు మట్టికుండలో ప్రతిరాత్రియు తనంతట జరుగుచున్నది.

ఇచ్చట ఒక చిన్నముచ్చట. ఇంగ్లీషువర్తకులు 1611లో బందరునకు వచ్చిరి. మనదేశమున తాడి, తాడీ అను మాటలు వారి నోటబడి 'టాడీ' అయినవి. ఆ మాట పడవలెక్కి స్కాట్లండు చేరి, అచ్చట విస్కీ, వేడినీరు, చక్కెర కలిపిన పానీయమునకు పేరైనది. అందులో తాటినీరు చుక్కయైన లేదు!

కల్లునకు ఆయుస్సు ఒక్కదినమే. దూరము పోలేదు, నిలువ ఉండలేదు. కనుకనే దానిని పెద్ద కంపెనీలు మ్రింగలేకపోయినవి. కాని ఆ గుణమే మోసమునకును త్రోవతీసినది. చెట్లులేని పట్టణములలో కల్లు కావలెననువారు పెరిగినప్పుడు, చక్కెరనీటిలో క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపి కల్లని అమ్ము దుర్మార్గులు బయలుదేరిరి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున అట్టి కల్తీవలన పలువురు మరణించిరి. అమెరికా చిన్నకార్ఖానాలో త్రాగువాడు కాచు పాత్రలను కన్నులార చూడవచ్చును; కాచినవానిని అడుగవచ్చును. మన పల్లెలోను చెట్టుక్రింద నిలుచుండి డొప్ప పట్టువానికి ఏ చెట్టు, ఎవరి గీత అని తెలియును. ఆ ఎరుక తెగినచోటనే విషము చేరినది.

మనకును నిషేధము వచ్చినది. మద్రాసు రాష్ట్రమున 1937లో సేలముజిల్లాతో మొదలై 1948 నాటికి రాష్ట్రమంతట అమలయ్యెను. తాళ్లు గీయుట నేరమగుటతో గీతవృత్తివారు కూటికి కరవైరి. గౌతు లచ్చన్న వారి పక్షమున పోరాడెను. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మట రామమూర్తి సంఘము నిషేధమును తొలగింపవలెనని సిఫారసు చేసెను. ఆ వివాదముపైననే 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గము శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. కల్లుకుండ కూల్చిన ప్రభుత్వములు లోకమున అనేకము లుండవు.

నేడు గీయుటకు చట్టమున త్రోవ ఉన్నను గీయువారు తగ్గుచున్నారు. చేపలచెరువులకును రొయ్యలచెరువులకును పొలము త్రవ్వినచోట గట్లతోపాటు తాళ్లును పోయినవి. చెట్టుమీదినుండి పడినవాడు బ్రతికినను నడుము విరిగి మంచమున పడును. కొడుకు ఆ మోకు పట్టనన్నచో అతనిని తప్పుపట్టువా రెవరు? తెలంగాణ ప్రభుత్వము 2024లో పడకుండ కాపాడు కవచములను గీతవారికి పంచ మొదలిడినది. ఆంధ్రప్రదేశములో అదే సంవత్సరపు మద్యవిధానమున గీతకులములవారికి నూటికి పది చొప్పున దుకాణములు కేటాయించిరి. ఆ దుకాణములలో అమ్మునది సీసాలమద్యము. రంపచోడవరము చెంత పందిరిమామిడి ఉద్యానపరిశోధనకేంద్రమున మాత్రము నీరాను చెడకుండ నిలుపుటను గూర్చియు, తాటినుండి లభించు ఇతర పదార్థములను గూర్చియు పరిశోధన జరుగుచున్నది.

తాటిటెంక నాటిననాటినుండి గెల వేయుటకు పండ్రెండు మొదలు ఇరువది సంవత్సరములు పట్టును. ఈ యేడు గిలకలదిండి ఇసుకలో మొలచిన చెట్టు గీతకు వచ్చునప్పటికి, నేడు దాని తల్లిచెట్టును గీయుచున్నవాడు మోకు విప్పి చాలకాలమై యుండును.