ఎముకలో గుహ - గుహలో పొరలు

కుసుమంచి ప్రాంతపు పల్లెలలో మామిడిచెట్టు ఎక్కని పిల్లవాడు అరుదు. కొమ్మమీది నుంచి పడి చేయి విరిగితే అందులో వింత లేదు. కాని బంతి విసిరినంత మాత్రాననే భుజం దగ్గర ఎముక పుటుక్కున విరిగితే దానికి వేరొక కారణం ఉండవచ్చును. ఎముక లోపల అంతకుముందే ఒక గుహ ఏర్పడి, దాని గోడలు పలచబడి ఉండవచ్చును. ఇటువంటి గుహకు సాధారణ అస్థితిత్తి అని పేరు.

ఇది కాన్సరు కాదు. ఎక్కువగా ఇరవై ఏండ్ల లోపు వారికి, అందులోను ఆడపిల్లలకంటె మగపిల్లలకు వస్తుంది. భుజాస్థి పైకొన, తొడ ఎముక పైకొన దీనికి ముఖ్యమైన తావులు. లోపల లేత పసుపురంగు ద్రవం నిండి ఉంటుంది. ఎముక విరిగేదాకా చాలామందికి నొప్పి తెలియదు. జర్మన్ శాస్త్రజ్ఞుడు విర్కో 1876 లోనే దీనిని వర్ణించాడు. ఎముకలోని రక్తం సిరలలోనికి సాఫీగా పోలేక నిలిచిపోవడమే దీనికి కారణమని 1960 లో కోహెన్ అనే వైద్యుడు ఊహించాడు. కొన్ని తిత్తుల కణాలలో రెండు జన్యువులు తెగి ఒకటిగా అతుక్కొన్నట్లు 2020 నుంచి వచ్చిన పరిశోధనలు చూపినవి. అయినను ఇది ఇతర అవయవాలకు పాకే వ్యాధి కాదు.

ద్రవం మాత్రమే ఉండవలసిన ఈ తిత్తులలో కొన్నింటి గోడలకు ఒక గట్టి పదార్థం అంటుకొని ఉంటుంది. దాని పలుచని ముక్కను సూక్ష్మదర్శిని కింద ఉంచితే గుండ్రని ముద్దలు, వాటిలో ఒకదాని చుట్టూ ఒకటిగా గీతలు కనిపిస్తవి. అడ్డంగా కోసిన ఉల్లిగడ్డ జ్ఞాపకానికి వస్తుంది. పంటి వేరును కప్పి ఉంచే సిమెంటం అనే పదార్థం కూడ ఇట్లే ఉంటుంది. అందుచేత 1969 లో ఫ్రీడ్‌మన్, గోల్డ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు దీనిని పొడవాటి ఎముకలలో పుట్టిన దంతసంబంధమైన కంతి అని భావించారు. భుజంలో పంటి కంతి! 1978 లో మిర్రా, ఆయన సహచరులు ఈ చిక్కు విప్పారు. అది సిమెంటం కాదనీ, తిత్తిలో ఏర్పడిన ఒక విధమైన ఎముక పదార్థమేననీ వారు తేల్చారు.

పొరలు ఎట్లా ఏర్పడతవి? బొర్రా గుహలలో సున్నపునీరు బొట్టు బొట్టుగా కారి, పొరమీద పొర పేరుకొని స్తంభాలవుతుంది. తిత్తిలోని పని కొంతవరకు దీనిని పోలినదే. ఎముక చిట్లినప్పుడు లోపల నెత్తురు చిమ్మి గడ్డకడుతుంది. ఆ గడ్డలోని ఫైబ్రిన్ అనే నారపదార్థం మీద కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు విడతలు విడతలుగా చేరుతవని పలువురి అభిప్రాయం. అంటే ఈ పొరలు శరీరం చేసుకొన్న మరమ్మతు గుర్తులు.

ఈ సంగతి తెలియకపోతే ప్రమాదమున్నది. ఎముకను పుట్టించే ఒక భయంకరమైన కాన్సరు కూడ ఈ వయస్సులోనే, భుజాస్థి పైకొనలోను వస్తుంది. కాన్సరులో వికృతమైన కణాలు గుంపులుగా ఉంటవి. ఈ పొరలలో కణాలు దాదాపు ఉండవు. ముక్కను, ఎక్స్‌-రే చిత్రాన్ని కలిపి పరిశీలిస్తేనే భేదం స్పష్టపడుతుంది. ఒకటి చూచి రెండవది విడిచిపెడితే నిరపాయమైన చేతికి పెద్ద శస్త్రచికిత్స జరగవచ్చును.

నిజానికి దీనికి చికిత్స సులభమే. విరిగిన ఎముక కట్టులో అతుక్కొంటుంది. తిత్తి మిగిలితే, ఇటలీ వైద్యుడు స్కాలియెట్టీ 1979 లో ప్రకటించిన పద్ధతిని అనుసరించి స్టెరాయిడ్ మందు లోపలికి ఎక్కిస్తారు. లేదా తిత్తిని గీకి వేరొక ఎముక ముక్కలతో నింపుతారు. తొడ ఎముక బరువు మోసేది గనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

పుత్తూరు కట్టుకు తెలుగునాట పేరున్నది. కట్టు ఎక్కడ కట్టించినా, స్వల్పమైన దెబ్బకే పిల్లల ఎముక విరిగితే ముందుగా ఎక్స్‌-రే తీయించడం మంచిది. లోపలి గుహ పైనుంచి చూచేవారికి కనిపించదు.