శంషాబాదు నుంచి హీత్రూకి ఎంత దూరం?

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారికి ఇంటి నుంచి అర్ధరాత్రి ఫోను వస్తే, అవతలివారు అడిగే ప్రశ్న ఒక్కటే: ఎప్పటికి చేరగలవు? అంత్యక్రియలు ఆపాలా వద్దా అన్నది ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. దూరం తెలిసినంత మాత్రాన ఆ జవాబు తెలియదు.

దూరం లెక్క తేలికైనదే. శంషాబాదు విమానాశ్రయానికీ లండన్ హీత్రూకీ మధ్య సుమారు 7,750 కిలోమీటర్లు. ఇది భూగోళం మీద రెండు బిందువులను కలిపే అత్యల్ప మార్గం. గణితంలో మహావృత్త చాపం అంటారు. బల్ల మీది గోళంపై రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి లాగితే కనిపించేది అదే. గోడ మీది మర్కేటర్ పటంలో గీసిన సరళరేఖ వెంట పోతే మరో 240 కిలోమీటర్లు అదనం.

ఆ దారం పోయే తీరు విచిత్రం. హైదరాబాదు లండన్‌కు 34 డిగ్రీలు దక్షిణాన ఉన్నా, దారం లండన్ నుంచి దాదాపు సరిగ్గా తూర్పుకే బయలుదేరుతుంది. జర్మనీ, పోలండ్‌లోని క్రాకోవ్ పరిసరాలు దాటి, ఉక్రెయిన్, దక్షిణ రష్యా, కాస్పియన్ తీరాన బాకూ, ఇరాన్, అఫ్ఘానిస్థాన్, సింధు, గుజరాత్, మహారాష్ట్రల మీదుగా తెలంగాణ చేరుతుంది. వార్తలు చదివేవారికి చిక్కు ఎక్కడుందో ఈ పేర్లే చెబుతాయి.

2014 జులైలో తూర్పు ఉక్రెయిన్ మీద మలేషియా ఎయిర్‌లైన్స్ విమానం క్షిపణి తగిలి కూలింది; 298 మంది మరణించారు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ గగనతలం పౌర విమానాలకు మూతపడింది. ఆ మరునాడే రష్యా బ్రిటిష్ విమానాలను నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ భారతీయ సంస్థల విమానాలకు దారి మూసింది. అంటే విమానం ఏ దేశానిదన్నదాన్ని బట్టి అదే రెండు ఊళ్ళ మధ్య దారి పొడవు మారుతుంది. 2025 జూన్‌లో యుద్ధం వల్ల ఇరాన్ ఆకాశమూ కొన్నాళ్ళు మూతపడింది.

రాజకీయాలకు తోడు గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ వల్ల లండన్ వెళ్ళడానికి సుమారు పది గంటలు పడితే, తిరుగు ప్రయాణం దాదాపు గంట తగ్గుతుంది. గడియారం దీన్ని తారుమారు చేసి చూపిస్తుంది: శీతాకాలంలో ఉదయం ఏడింటికి హైదరాబాదులో ఎక్కి పది గంటలు ప్రయాణించినవారు పదకొండున్నరకే లండన్‌లో దిగుతారు.

నేరుగా వెళ్ళే విమానంలో చోటు దొరకనివారు దుబాయి మీదుగా వెళ్ళాలి. చుట్టుదారి అనిపిస్తుంది గానీ, శంషాబాదు నుంచి దుబాయికి సుమారు 2,550, అక్కడి నుంచి హీత్రూకి 5,500 కిలోమీటర్లు. మొత్తం మీద పెరిగేది 300 మాత్రమే, గాలిలో అరగంట కూడా కాదు. గల్ఫ్ విమాన సంస్థల వ్యాపారానికి ఈ భౌగోళిక అదృష్టం కొంత కారణం. అసలు ఆలస్యం దిగడంలో, మళ్ళీ ఎక్కడంలో, రెండో విమానం కోసం కాచుకోవడంలో ఉంది.

ఊరు విజయవాడ అయితే లెక్క అక్కడితో ఆగదు. శంషాబాదులో దిగి కారెక్కితే, మిగిలిన 300 కిలోమీటర్లలోపు దారికే దాదాపు ఐదు గంటలు, అంటే లండన్ నుంచి వచ్చిన సమయంలో సగానికి పైగా.