పేరు మారిస్తే మనిషి దాగుతాడా?

రండర్రా, అరుగు మీదికి రండి. ఒరేయ్ చంటీ, ఆ జంతికల పళ్ళెం అందరికీ మధ్యన పెట్టు, నీ ఒళ్ళో కాదు. ఇవాళ నక్షత్రాలూ లేవు, సూక్ష్మజీవులూ లేవు. మనుషుల్ని చదివే సైన్సు గురించి చెప్పుకుందాం.

మనుషుల్లో కొలిచేదేముంది తాతయ్యా అంటారేమో. కొలిచేవాళ్ళూ ఉన్నారు, జనాభా లెక్కలవాళ్ళలాగా. ఇంకో రకంవాళ్ళు మాత్రం ఒక ఊరికి వెళ్ళి, గది అద్దెకు తీసుకుని, నెలలూ ఏళ్ళూ అక్కడే ఉండిపోతారు. పెళ్ళికి పిలిస్తే వెళతారు, చావుకి పిలవకపోయినా వెళతారు. టీకొట్టు బల్ల మీద పొద్దు గడుపుతారు. రాత్రి గదికొచ్చి, చూసిందీ విన్నదీ నోట్సు రాసుకుంటారు. ఎన్ని ఇళ్ళకు అప్పులున్నాయో లెక్కల్లో తెలుస్తుంది. అప్పున్న ఇంట్లో పండగ పూట ఎలా గడుస్తుందో ఇలా మసిలినవాళ్ళకే తెలుస్తుంది. గుణాత్మక పరిశోధన అంటారు దీన్ని. పేరు బరువుగా ఉంది గానీ, పని మన సుబ్బాయమ్మత్త రోజూ చేసేదే. కాకపోతే ఆవిడ పుస్తకం అచ్చు వేయించదు.

చిక్కంతా ఆ అచ్చు దగ్గరే. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. 1950ల్లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళ పరిశోధన కోసం ఆర్థర్ విడిచ్ అనే ఆయన అక్కడ రెండేళ్ళకు పైగా ఉన్నాడు. ఎవరి సంగతీ బయటపడనివ్వమని యూనివర్సిటీ తరఫున ఊరివాళ్ళకు మాట ఇచ్చారు. 1958లో విడిచ్, జోసెఫ్ బెన్స్‌మన్ కలిసి 'స్మాల్ టౌన్ ఇన్ మాస్ సొసైటీ' అనే పుస్తకం తెచ్చారు. ఊరికి స్ప్రింగ్‌డేల్ అని మారుపేరు పెట్టారు, మనుషుల పేర్లూ మార్చారు. అసలు పేరు ఇప్పుడు అందరికీ తెలిసిందే, కానీ నేను చెప్పను. ఇచ్చిన మాట వాళ్ళు నిలబెట్టుకోలేదని నేనూ తప్పాలా?

అందులో ఏం రాశారంటే, మా కాళ్ళ మీద మేం నిలబడ్డామని ఊరివాళ్ళు మురిసిపోతున్నారు గానీ, వాళ్ళ బతుకుల్ని నడిపేది బయటి మార్కెట్టూ బయటి ప్రభుత్వమూ అని. ఊళ్ళో ఎన్నికైన బోర్డులు ఉన్నా, నిర్ణయాలు తెర వెనక నలుగురు చేతిలో ఉన్నాయని కూడా రాశారు. మంచి పుస్తకమే, ఇప్పటికీ చదువుతారు. కానీ ఆ నలుగురూ ఎవరో ఊళ్ళో ఎవరికి తెలియదు? గేదె మెడలో గంట తీసేసినంత మాత్రాన అది ఎవరి గేదో ఊరికి తెలియకుండా పోతుందా? కొమ్ముల వంపు చూసి చెప్పేస్తారు, నడక చూసి చెప్పేస్తారు.

ఊరివాళ్ళు కోర్టుకు పోలేదు. జూలై 4న వాళ్ళ స్వాతంత్ర్య దినం ఊరేగింపు తీశారు. ముందు ఆ పుస్తకం అట్ట బొమ్మ, ఇంత పెద్దది చేసి మోసుకెళ్ళారు. వెనక కార్లలో జనం ముఖాలకు మాస్కులు పెట్టుకుని కూర్చున్నారు. ఆ కార్ల మీద పుస్తకంలో తమకు పెట్టిన మారుపేర్లే! అన్నిటికన్నా చివర పొలంలో పెంట చల్లే బండి, దాని నిండా బాగా మాగిన పెంట, దాని మీదికి వంగి చూస్తున్న ఒక దిష్టిబొమ్మ. ఆ బొమ్మే రచయితన్నమాట. నవ్వండి, నవ్వండి. నాకూ ఎప్పుడు తలుచుకున్నా నవ్వే. ఇంతకన్నా ఘాటైన పుస్తక సమీక్ష నేను ఎరగను.

రచయితల పక్షానా ఒక మాట ఉంది. ఊరి పెత్తనం గురించి రాస్తూ పెత్తందార్లను కనబడకుండా చేయడం ఎలాగ అని వాళ్ళ వాదన. నిజమే కదా! పూర్తిగా దాచేస్తే చెప్పడానికేమీ మిగలదు. చెబితే మాట తప్పినట్టు. అందుకే దీన్ని ధర్మసంకటం అనేది.

ఐర్లండ్‌లో ఇంకా నొప్పి కలిగించే కథ ఒకటుంది. నాన్సీ షెపర్-హ్యూస్ అనే మానవశాస్త్రవేత్త 1970ల్లో ఒక పల్లెలో ఉండి, పెళ్ళికాకుండా పొలాల మీద ఒంటరిగా మిగిలిపోయిన మగవాళ్ళ గురించీ, వాళ్ళ మానసిక వ్యాధుల గురించీ 1979లో పుస్తకం రాసింది. ఊరికి బాలీబ్రాన్ అని మారుపేరు. ఆ తర్వాత ఆ ఊరేదో పత్రికలవాళ్ళు పట్టేశారు. మా వంటింట్లో కూర్చుని విన్న మాటలు లోకానికి చెప్పావని ఊరు ఊరంతా గాయపడింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1999లో, మళ్ళీ వెళితే వెళ్ళిపొమ్మన్నారు. ఆవిడ తర్వాత ఒప్పుకున్నదేమిటంటే, మారుపేరు ఉంది కదా అన్న ధీమా రాసేవాళ్ళ మర్యాదను మరిపిస్తుందని. ఎదురుగా కూర్చున్న మనిషితో అనలేని మాట కాగితం మీద అనేస్తారు.

మన దగ్గర ఎస్.సి. దూబే దారి వేరు. 1951-52లో ఉస్మానియా యూనివర్సిటీ తరఫున హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను చదివి, 1955లో 'ఇండియన్ విలేజ్' అనే పుస్తకం వేశాడు. ఊరి పేరు శామీర్‌పేట అనే రాశాడు. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం చదివే విద్యార్థులు కూడా ఆ పనిలో ఉండి, ఊరివాళ్ళకు చేతనైన సాయం చేశారు. వట్టి చేతులతో వెళ్ళి కబుర్లు మూటగట్టుకు రావడం కన్నా అది నయమని నాకనిపిస్తుంది. కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. పశువుకు మందిచ్చిన కుర్రాడు ఏదైనా అడిగితే, చెప్పడం ఇష్టం లేకపోయినా మొహమాటానికి చెప్పేస్తాం కదా!

ఇక కాగితం మీద సంతకం సంగతి. సమ్మతి పత్రం అని ఒకటి ముందుగా తీసుకోవాలి. మంచిదే. కానీ మా కాలపు పెద్దవాళ్ళకు కాగితమంటే ప్రాంసరీ నోటు, వేలిముద్రంటే పోయిన పొలం. కాగితం తీయగానే అంతదాకా గలగలా మాట్లాడిన ముసలమ్మ కొంగు సర్దుకుని లోపలికి పోతుంది. నోటిమాటగా విడమరిచి చెప్పి, ఆవిడ ఊఁ అన్నది రికార్డు చేసుకుంటే చాలుననేది ఇలాంటివాళ్ళ కోసమే.

అన్నీ రహస్యంగా ఉంచుతామని చెప్పడమూ తేలిక కాదు. అమెరికాలో రిక్ స్కార్స్ అనే పరిశోధక విద్యార్థి, తనను నమ్మి మాట్లాడిన జంతుహక్కుల ఉద్యమకారుల సంగతి గ్రాండ్ జ్యూరీకి చెప్పనన్నాడు. 1993లో 159 రోజులు జైల్లో పెట్టారు. నోరు విప్పలేదు. నా లెక్కలో పెద్దమనిషి! అయితే అన్ని రహస్యాలూ ఒక్కటి కావు. మన దేశంలో 2012 పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. పరిశోధకుడికీ మినహాయింపు లేదు. కాబట్టి 'ఇది దాస్తాను, అది దాచలేను' అని కబుర్లు మొదలుకాకముందే చెప్పాలి. అంతా విన్నాక చెబితే అది మోసమే.

రేపు మన ఊరికే ఏ పీహెచ్‌డీ అమ్మాయో ఫోన్లో రికార్డింగు పెట్టుకుని వస్తుంది. కసరకండి. కుర్చీ వేసి మంచినీళ్ళివ్వండి. నోరు విప్పేముందు మాత్రం అడగండి: మధ్యలో వద్దంటే చెప్పింది కొట్టేస్తావా అమ్మా? పేరు మార్చినా పక్కింటివాళ్ళు గుర్తుపడతారే, అప్పుడేం చేస్తావు? అచ్చు వేసేముందు మా సంగతి మాకోసారి చదివి వినిపిస్తావా? సరేనంటే ఉన్న కబుర్లన్నీ చెప్పండి. నసిగితే మంచినీళ్ళతో సరిపెట్టండి.