డెల్టా దారుల్లో పాత జావా

యంత్రాన్ని కొనడానికి ధనం చాలు. దానిని నిలబెట్టుకోవడానికి మాత్రం విద్య కావలె. ఈ భేదం తెలియగోరేవారు పాత టూ స్ట్రోకు మోటారు సైకిలును ఒకసారి శ్రద్ధగా పరికించవలె. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలలో ఒకనాడు కాలువ గట్లను తన ధ్వనితో నింపిన ఆ బండి ఇప్పుడు అరుదైపోయినది. మిగిలిన కొద్ది బండ్లు కదులుతున్నవంటే, వాటి మర్మం తెలిసిన చేతులు ఇంకా ఉన్నవన్నమాట.

టూ స్ట్రోకు అంటే రెండు ఘాతాలు. పిస్టను ఒకమారు పైకి, ఒకమారు క్రిందికి కదలగానే ఇంజను పని ఒక ఆవృత్తి ముగుస్తుంది. ఫోర్ స్ట్రోకు ఇంజనులో ఇందుకు నాలుగు కదలికలు అవసరం. అందులో ఉండే కవాటాలు ఇందులో లేవు. సిలిండరు గోడలో ఉన్న రంధ్రాలను పిస్టనే మూస్తూ, తెరుస్తూ ఆ పని కూడ నెరవేరుస్తుంది. ఇంగ్లండులోని బాత్ నగరవాసి జోసెఫ్ డే 1891 ప్రాంతంలో రూపొందించిన ఈ సులభ నిర్మాణమే తరువాతి చిన్న బండ్లకు మూలమైనది.

1929లో చెకొస్లొవేకియాలో యానెచెక్ అనే పారిశ్రామికుడు జర్మనీలోని వాండరర్ సంస్థ నుండి మోటారు సైకిలు నిర్మాణపు హక్కులు పొందాడు. ఆ రెండు పేర్ల తొలి అక్షరాల కలయికే జావా. 1960లో మైసూరులో ఐడియల్ జావా సంస్థ ఏర్పడి, మరుసటి ఏట నుండి ఆ బండ్లను తయారు చేసినది. అనంతరం అవే యెజ్డీ పేరుతో వెలువడినవి. 1996లో ఆ కర్మాగారం మూతపడినది. తెలుగునాట తిరుపతిలో తయారైన సువేగా మోపెడు కూడ ఈ టూ స్ట్రోకు కుటుంబంలోనిదే.

ఈ జాతి ఇంజను పౌరుషాన్ని లోకం చూచినది మోటోక్రాసు పందెములలో. బురద, గుట్టలు, గోతులు గల మైదానంలో సాగే పరుగు అది. చెకొస్లొవేకియాలోనే తయారైన సి.జెడ్. టూ స్ట్రోకు బండి నెక్కి బెల్జియం రౌతు జోయెల్ రోబర్ 1964లో 250 సి.సి. తరగతిలో ప్రపంచ విజేత అయ్యాడు. తూర్పు జర్మనీకి చెందిన పాల్ ఫ్రీడ్రిక్స్ 1966 నుండి 1968 వరకు వరుసగా మూడేండ్లు 500 సి.సి. తరగతిలో గెలిచాడు.

మన డెల్టాలో అట్టి పందెపు మైదానాలు లేవు. దారులే ఆ కొరత తీర్చినవి. కృష్ణా పశ్చిమ డెల్టాలో వాన కురిసిన మరునాడు నల్లరేగడి గట్టు మీద బండి నడపడం సామాన్యం కాదు. పందెపు బండికి మడ్‌గార్డు చక్రానికి బాగా ఎత్తున ఉంటుంది. జావాకు అది చక్రాన్ని కప్పుతూ దిగి ఉంటుంది. ఆ సందులో రేగడి కూరుకొనిపోతే చక్రం తిరగదు. దిగి పుల్లతో గోకవలసిందే.

ఇక నడిపే తీరు. పెట్రోలు కుళాయి తెరిచి, కార్బురేటరు మీది చిన్న మీటను కొంచెం నొక్కి, ఇంధనం నిండిన తరువాత కిక్కు కొట్టవలె. పాత జావాలో కిక్కు కొట్టే కడ్డీయే ముందుకు మళ్లించగా గేరు మార్చే కడ్డీ అవుతుంది. ఒకే పదం రెండర్థాలను ధరించడం కావ్యంలో శ్లేష అయితే, ఇది ఇనుములో శ్లేష!

రక్షణలో మొదటి సూత్రం నూనె. ఈ ఇంజనులో క్రాంకు గదికి వేరుగా నూనె ఉండదు. పెట్రోలులో కలిసిన నూనెయే బేరింగులకు, పిస్టనుకు ఆధారం. పాత జావా వంటి బండ్లకు సాధారణంగా ఇరవైయైదు పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె, అనగా లీటరుకు 40 మిల్లీలీటర్లు కలుపుతారు. నూనె మరిస్తే పిస్టను వేడెక్కి సిలిండరును పట్టేస్తుంది. ఎక్కువైతే క్షేమమనుకోవడం కూడ పొరపాటే. ప్లగ్గు నల్లబడుతుంది, సైలెన్సరులో మసి పేరుకొంటుంది. పైగా మిశ్రమంలో నూనె పెరిగినకొద్దీ పెట్రోలు వంతు తగ్గి ఇంజను మరింత వేడెక్కవచ్చు. వేగంగా పోతూ యాక్సిలరేటరును పూర్తిగా మూసి దూరం జారనిచ్చినా ప్రమాదమే. పెట్రోలుతోపాటు నూనె కూడ ఆగిపోతుంది గదా!

ఇంజను ఆరోగ్యానికి ప్లగ్గు నాడి వంటిది. దాని కొన పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మిశ్రమం సమంగా ఉన్నట్లు. నల్లగా తడిగా ఉంటే ఇంధనమో నూనెయో ఎక్కువ. తెల్లగా ఉంటే వేడి ఎక్కువ. మెకానికులు ప్లాటినం అని పిలిచే కాంటాక్టు పాయింట్ల ఎడం సుమారు 0.4 మిల్లీమీటరు ఉండవలె. క్రాంకు సీలు గేరు పెట్టె వైపు చెడితే గేరు ఆయిలు లోనికి పీల్చబడి తెల్లని పొగ వస్తుంది. రెండవ వైపు చెడితే గాలి చొరబడి, యాక్సిలరేటరు మూసినా ఇంజను గిర్రున తిరుగుతుంది. ఆ ధ్వని విన్న మెకానికు ముందు బండిని ఆపివేస్తాడు. సైలెన్సరు లోపలి గొట్టాన్ని అప్పుడప్పుడు విప్పి మసి గోకడం, సిలిండరు అరిగితే బోరు చేయించి ఒక మెట్టు పెద్ద పిస్టను వేయించడం తక్కిన పనులు.

బాపట్ల వైపు సముద్రపు గాలి మరొక పరీక్ష. సూర్యలంక తీరానికి పోయివచ్చిన బండిని మంచినీటితో కడిగి తుడవకపోతే చువ్వలకు తుప్పు పడుతుంది. ఇటీవలి కష్టం పెట్రోలులో ఇరవై శాతం వరకు కలుస్తున్న ఇథనాలు. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు భాగాలను చెరుస్తుంది. కనుక నెలల తరబడి నిలిపే బండిలో ట్యాంకును, కార్బురేటరును ఖాళీ చేయడం మేలు.

ఈ బండిలో దోషం లేదని ఎవరూ వాదించరాదు. కాలని పెట్రోలు కొంత పొగతోపాటు బయటికి పోవడం దీని నిర్మాణంలోనే ఉన్నది. 2000 సంవత్సరపు కాలుష్య నియమాల తరువాత టూ స్ట్రోకు మోటారు సైకిళ్లు అంగళ్ల నుండి క్రమంగా తొలగిపోవడం న్యాయమే. 2018లో మరల వచ్చిన జావా సైతం ఫోర్ స్ట్రోకుదే. యాభై ఏండ్లు దాటి, స్వరూపం మారని వాహనాలను పురాతన వాహనాలుగా నమోదు చేసే నియమాలు 2021లో వచ్చినవి. అట్లు నమోదైన వాటిని నిత్యప్రయాణానికి వాడరాదు. వస్తువును కాపాడవలె, పొగను పెంచరాదు అనే ఈ మధ్యేమార్గం ఉచితమైనదే.

అయితే చట్టం బండిని నమోదు చేయగలదు కాని, బాగుచేసేవాని విద్యను నమోదు చేయలేదు. తెనాలి శిల్పులు వాహనాల తుక్కుతో విగ్రహాలు నిర్మించి పేరు పొందారు. పాత ఇనుముకు అట్లు మరుజన్మ లభిస్తున్నది. ధ్వనిని విని దోషాన్ని చెప్పగల చెవికి మరుజన్మ ఏది? ఆ విద్యలో అధికభాగం పుస్తకాలకెక్కలేదు. గురువు నోట విని, చేతితో చేసి నేర్చినది. నేర్చుకొనే కుర్రవాడు లేనినాడు అది ఆ గురువుతోనే ముగుస్తుంది.

ఇక్కడ మన బడులకు ఒక పని ఉన్నది. తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులు నలుగురు కలిసి ఊరిలోని వృద్ధ మెకానికు వద్దకు ఒక నోటుపుస్తకంతో వెళ్లవలె. ఏ చప్పుడు ఏ రోగానికి గుర్తు, ఏ భాగాన్ని ఏ మాటతో పిలుస్తారు, ఏ పనికి ఏ పనిముట్టు అని అడిగి, ఆయన పలికిన తెలుగులోనే వ్రాసికోవలె. సైన్సు ఉపాధ్యాయుడు అందులో కారణాలను వివరించవచ్చు. తెలుగు ఉపాధ్యాయుడు నిఘంటువుల కెక్కని మాటలను ఏరవచ్చు. ఆ పుస్తకం బడి గ్రంథాలయంలో ఉంటే, రేపు ఏ ఇంటి చావడిలోనో దుమ్ము పట్టిన బండి బయటపడినప్పుడు, దానిని తిరిగి పలికించే దారి ఎవరికైనా దొరుకుతుంది.