ప్రోటాన్ ఎంత మేర అడ్డుపడుతుంది?

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ట్రాయ్ అనే పట్టణం ఉంది. అక్కడి రెన్సెలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో 1961 నుంచి ఒక ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్ పనిచేస్తోంది. ఎలక్ట్రాన్లతో టాంటలం లోహాన్ని కొట్టి న్యూట్రాన్లు పుట్టిస్తారు. వాటి దారిలో నమూనా పెట్టి, ఎన్ని తగ్గాయో లెక్కిస్తారు. ఆ తగ్గుదల నుంచి తేలేదే క్రాస్ సెక్షన్, అంటే పరమాణు కేంద్రకం అడ్డుపడే మేర. దీన్ని బార్న్‌లలో కొలుస్తారు. చదరపు సెంటీమీటరులో లక్ష కోట్లవ వంతు తీసుకుని, అందులో మళ్లీ లక్ష కోట్లవ వంతు తీసుకుంటే ఒక బార్న్.

కొద్ది ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్‌కు విడి ప్రోటాన్ దాదాపు 20 బార్న్‌ల అడ్డు. అదే జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలోని ఎల్‌హెచ్‌సీ యాక్సిలరేటర్‌లో, 13 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల (టీఈవీ) వద్ద ప్రోటాన్‌కు ప్రోటాన్ అడ్డు 110.6 మిల్లీబార్న్‌లే. అక్కడి టోటెమ్ బృందం తేల్చిన ఈ లెక్కలో 31.0 ఎలాస్టిక్ వాటా. అంటే రెండు ప్రోటాన్లూ పగలకుండా, కొత్త కణమేదీ పుట్టకుండా, కాస్త పక్కకు తిరిగి వెళ్లిపోతాయి. ఢీకొన్న చోటికి 220 మీటర్ల దూరంలో, బీమ్‌కు మిల్లీమీటర్ల దగ్గరికి జరిపిన డిటెక్టర్లతో వాటిని పట్టుకున్నారు.

అంత గట్టిగా కొట్టినా నూటికి 28 చెక్కుచెదరకపోవడం వింతే. సెర్న్‌లోనే 1970లలో, 62 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఈ వాటా 17 శాతం, మొత్తం అడ్డు 43 మిల్లీబార్న్‌లు. శక్తి పెరిగేకొద్దీ ప్రోటాన్ నడిమి భాగం చిక్కబడుతుంది, అంచులు విస్తరిస్తాయి. కణాలు తరంగాలు కూడా కనుక, అడ్డు పెరిగితే దాని నీడ లాంటి ఎలాస్టిక్ వాటా కూడా పెరుగుతుంది. పూర్తిగా నల్లటి బిళ్లయితే అది 50 శాతం.

ఇక సిద్ధాంతాలు. డొనాకీ, లాండ్షాఫ్ 1992లో ఇచ్చిన సూత్రంలో, రెండు ప్రోటాన్ల మధ్య బలాన్ని మోసే ‘పొమెరాన్’ మారకం వల్ల అడ్డు, ఢీకొనే శక్తి వర్గానికి 0.0808 ఘాతం చొప్పున పెరుగుతుంది. 13 టీఈవీకి లెక్క కడితే 100 మిల్లీబార్న్‌లు, అసలు కొలతకు పది తక్కువ. రెండే పదాల సూత్రానికి ఇది మంచి మార్కే. అడ్డు శక్తి లాగరిథమ్ వర్గం చొప్పున పెరుగుతుందని నమ్ముకున్న కాంపీట్ బృందం 2002లో 14 టీఈవీకి 111.5 అంది. దాదాపు సరిపోయింది. కానీ ఎలాస్టిక్ తరంగంలో వాస్తవ, కల్పిత భాగాల నిష్పత్తి ‘రో’ దగ్గర అదే లెక్క తప్పింది. 0.13కు పైన ఉండాల్సింది 0.10 వచ్చింది.

ఆ లోటుకు సమాధానంగా కొందరు 1973 నాటి ‘ఆడెరాన్’ ఊహను ముందుకు తెచ్చారు. ఇది ప్రోటాన్‌కూ యాంటీప్రోటాన్‌కూ తేడా చూపే మారకం. అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌కు చెందిన డీజీరో, సెర్న్‌లోని టోటెమ్ బృందాలు 2021లో కొలతలు పోల్చితే, ఏ కోణంలో ఎన్ని ప్రోటాన్లు పక్కకు తిరిగాయో చూపే వక్రరేఖలో స్పష్టంగా కనిపించిన గుంట యాంటీప్రోటాన్లలో దాదాపు పూడిపోయింది. ఆడెరాన్ దొరికిందని ఆ బృందాలు ప్రకటించాయి. అయితే ఆ పోలికలో ఎల్‌హెచ్‌సీ కొలతలను డీజీరో కొలతలున్న 1.96 టీఈవీకి లెక్కగట్టి దించాల్సి వచ్చింది. వాదన అక్కడే నడుస్తోంది.