పాట వచ్చింది... కిన్నెర ఏదీ?

ఈసారి టీవీలో జానపద గీతం వచ్చినప్పుడు ఓ చిన్న పని చేయండి. పాడేవాళ్ల ముఖం కాదు, పక్కన వాయించేవాళ్ల చేతులు వెతకండి. కనిపించాయా? చాలాసార్లు కనిపించవు. కీబోర్డు ఉంటుంది, ప్యాడ్లు ఉంటాయి. పంచెకట్టు, తలపాగా, నెత్తిన గంప... అన్నీ ఉంటాయి. కానీ ఆ పాట ఏ వాద్యం మీద పుట్టిందో, ఆ వాద్యం మాత్రం ఉండదు!

హైదరాబాద్‌కు ఉత్తరాన గుండ్లపోచంపల్లినే తీసుకోండి. నిన్నటి పల్లె, నేటి నగర శివారు. దుస్తుల తయారీ పార్కు వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాద్-మేడ్చల్ మధ్య ఎంఎంటీఎస్ రైలూ తిరుగుతోంది. పని వెతుక్కుంటూ ఇలాంటి శివార్లకు చేరినవాళ్లకు సొంతూరి జాతర దూరమవుతుంది. అరుగు మీద రాత్రంతా నడిచే కథ దూరమవుతుంది. సెలవు రోజున ఊరి పాటను ఇంటికి తెచ్చేది టీవీ, ఫోనే. అందుకే ఆ తెర ఏం చూపిస్తోంది, ఏం వదిలేస్తోంది అన్నది చిన్న విషయం కాదు.

కొండల నుంచి కార్ఖానాలకు...
సరిగ్గా ఇలాంటి కథే అమెరికాలో ఒకటుంది. అక్కడి అపలాచియన్ కొండప్రాంతాల జనం గత శతాబ్దంలో బతుకుతెరువు కోసం ఉత్తరాది కార్ఖానాలకు వలసపోయారు. వెంట తీసుకెళ్లింది పాటనే. కెంటకీ రాష్ట్రానికి 'బ్లూగ్రాస్ రాష్ట్రం' అని ముద్దుపేరు. ఆ రాష్ట్రంలో పుట్టిన బిల్ మన్రో తన బృందానికి 'బ్లూగ్రాస్ బాయ్స్' అని పేరు పెట్టుకున్నాడు. చివరికి ఆ సంగీతం పేరే బ్లూగ్రాస్ అయిపోయింది. ఫిడేలు, గిటారు, బాంజో, నిలువెత్తు బాస్, మాండొలిన్... ఇవీ అందులోని వాద్యాలు. అవును, మన పాలకొల్లు శ్రీనివాస్ కర్ణాటక సంగీతం పలికించిన మాండొలినే!

వీటిలో బాంజోది మరీ చిత్రమైన ప్రయాణం. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్లు తమ ఊళ్లో చేసుకున్నట్టే ఎండిన సొరబుర్రకు తోలు బిగించి చేసుకున్న వాద్యమే దాని మూలం. 1945లో మన్రో బృందంలో చేరిన ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్లతో దాన్ని ఉరకలెత్తించాడు. తర్వాత లెస్టర్ ఫ్లాట్‌తో కలిసి సొంత బృందం పెట్టుకున్నాడు. 'మార్తా వైట్' అనే పిండి కంపెనీ వాళ్ల కార్యక్రమాలకు ఖర్చు పెట్టుకుంది. మొదట రేడియోలో, 1955 నుంచి టీవీలో.

అక్కడే అసలు కిటుకు ఉంది. ఆ బృందమంతా ఒకే మైకు చుట్టూ నిలబడేది. ఎవరి వంతు వస్తే వాళ్లు ముందుకొచ్చి వాయించి, వెనక్కి తగ్గేవారు. కెమెరాకు వేళ్లు చూడక తప్పేది కాదు! 1962లో మొదలైన 'బెవర్లీ హిల్‌బిల్లీస్' హాస్య ధారావాహిక ప్రారంభ గీతంలో స్క్రగ్స్ బాంజో మోగింది. ఫ్లాట్, స్క్రగ్స్ ఇద్దరూ అందులో అతిథులుగానూ కనిపించారు. 1969లో 'హీ హా' వచ్చింది. మొక్కజొన్న చేలు, గడ్డిమోపులు, పల్లెటూరి జోకులతో నిండిన వినోద కార్యక్రమం అది. పల్లెజనాన్ని వెక్కిరిస్తోందన్న విమర్శలూ వచ్చాయి. సీబీఎస్ సంస్థ 1971లో దాన్ని ఆపేసినా, స్థానిక స్టేషన్ల ద్వారా 1990ల తొలినాళ్ల దాకా నడిచింది. బిల్ మన్రో లాంటి పెద్దలు అందులో అతిథులుగా వచ్చి వాయించారు.

చూసినవాళ్లు చూసి ఊరుకోలేదు. నేర్చుకున్నారు. 1965లో వర్జీనియాలోని ఫిన్‌కాసిల్‌లో కొన్ని రోజులపాటు బ్లూగ్రాస్ పండుగ జరిగింది. అలాంటి పండుగలు ఆ తర్వాత ఎన్నో పుట్టుకొచ్చాయి. 1968లో స్క్రగ్స్ ఏకంగా బాంజో నేర్పే పుస్తకమే రాశాడు. వాద్యం ఒక తరం నుంచి మరో తరం చేతికి వెళ్లింది.

మనదీ తక్కువ కథేం కాదు
1977లో హైదరాబాద్‌కు దూరదర్శన్ వచ్చింది. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా' సినిమా పాటకు పట్టం కట్టింది. మరి పల్లె పాటకో? 2000 దశకం చివర్లో మాటీవీలో వచ్చిన 'రేలా రె రేలా' ఆ లోటు తీర్చింది. సుద్దాల అశోక్‌తేజ, గోరటి వెంకన్న లాంటి కవులు కూర్చుని నాటు పాట, కోత పాట విని మెచ్చుకుంటుంటే ఊళ్లకు ఊళ్లు టీవీల ముందు చేరాయి. ఆ కార్యక్రమం పేరే ఇంటిపేరైన గాయకులున్నారు. 2012లో వచ్చిన వీ6 చానల్ ఏటా బతుకమ్మ పాటను పండుగ కానుకగా మార్చింది. అనంతపురం జిల్లా తండాలో పుట్టిన మంగ్లి ఆ చానల్ నుంచే ఇంటింటికీ తెలిసింది.

ఇవన్నీ గొంతుకు దక్కిన గౌరవాలు. సంతోషమే. కానీ పోటీ గొంతుకే, మార్కులూ గొంతుకే. కిన్నెర చప్పుడు చిన్నది, కీబోర్డు హోరులో వినపడదు. దాని శ్రుతి కళాకారుడి చెవిలో ఉంటుంది. పైగా రాత్రంతా సాగాల్సిన కథ నాలుగు నిమిషాల్లో ఎలా ఇముడుతుంది? అలా పాట తెరకెక్కింది. వాద్యం గడప దగ్గరే ఆగిపోయింది.

పన్నెండు మెట్లు... ఒక్క మనిషి
కిన్నెరదీ బాంజో లాంటి పుట్టుకే. ఎండిన సొరబుర్రలు, వెదురు కర్ర, తీగలు, మైనంతో అతికించిన మెట్లు. డక్కలి కళాకారులు దాన్ని మీటుతూ పండుగ సాయన్న లాంటి ప్రజావీరుల కథలు చెప్పేవారు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య చేతిలో పన్నెండు మెట్ల కిన్నెర మోగింది. కానీ తెలుగువాళ్లలో చాలామంది ఆయన్ని మొదటిసారి విన్నది 2021 సెప్టెంబరులో, 'భీమ్లా నాయక్' టైటిల్ గీతం మొదట్లో. మరుసటి ఏడాది పద్మశ్రీ వరించింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది.

2024 మేలో అదే మొగులయ్య హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో కూలిపని చేస్తూ కనిపించారు. వచ్చిన డబ్బు కుటుంబ అవసరాలకు ఖర్చయిందనీ, నెలనెలా అందే 10 వేల రూపాయల భృతి ఆగిపోయిందనీ చెప్పారు. కిన్నెర మీటిన వేళ్లు ఇటుకలు మోయడం చూసి అందరూ అయ్యో అన్నారు.

జాలి ఒక రోజు వార్త. కిన్నెరకు కావాల్సింది జాలి కాదు, శిష్యులు! పురస్కారం మనిషికి ఇస్తాం. ఆ మనిషితోపాటు విద్య ఆగిపోకూడదంటే నేర్చుకునే చేతులుండాలి. ఆ చేతుల్ని పుట్టించగల శక్తి టీవీకి ఉందని బాంజో నిరూపించింది. అందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పల్లె పాట వచ్చే ప్రతి కార్యక్రమంలో ఓ వాద్యకారుణ్ని పిలిచి, పేరు చెప్పి, కీబోర్డు ఆపి, రెండు నిమిషాలు కెమెరాను ఆ వేళ్ల మీద నిలిపితే చాలు.

అప్పుడు గుండ్లపోచంపల్లిలో ఏ అద్దె ఇంట్లోనో టీవీ చూస్తున్న పిల్లాడు 'అదేంటి నాన్నా?' అని అడుగుతాడు. మన ఊరి కిన్నెర అని చెప్పడానికి ఆ నాన్నకు ఓ అవకాశం దొరుకుతుంది. అక్కడి నుంచి మొదలు!